ప్రమాదం జరిగిన రోజు కంపెనీ ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది?

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఉందనుకుందాం. ఇది ఊహ మాత్రమే, ఉన్న ప్లాంట్లలో దేన్నీ వేలెత్తి చూపడం కాదు. రొయ్యను మైనస్ 40 డిగ్రీల చలిలో గడ్డకట్టించాలంటే పెద్ద కంప్రెసర్లు, వాటి పైపుల్లో తిరిగే అమోనియా కావాలి. ఒకనాడు తెల్లవారుజామున ఏదో వాల్వు దగ్గర సీలు పోయింది. పక్క కాలనీలో పిల్లలు దగ్గుతూ నిద్ర లేచారు, పెద్దవాళ్లకు కళ్లు మండుతున్నాయి. నలుగురు గేటు దగ్గరికి పరుగెత్తారు. సెక్యూరిటీ గార్డు లోపలి నుంచి తాళం వేసి, "సార్ మీటింగులో ఉన్నారు" అన్నాడు. మన జిల్లాల్లో ఏ కంపెనీకైనా మొదటి అధికార ప్రతినిధి ఆ గార్డే. పాపం, అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పరు.

పది గంటల ప్రాంతంలో విలేకరుల వాట్సాప్ గ్రూపులో ప్రెస్ నోట్ పడుతుంది. "మా సంస్థ భద్రతా ప్రమాణాలకు అత్యంత ప్రాధాన్యం ఇస్తుంది. ఈ ఉదయం స్వల్ప సాంకేతిక లోపం తలెత్తింది. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది. వదంతులను నమ్మవద్దని మనవి."

ఈ నాలుగు వాక్యాల్లో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. అయినా చదివినవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే జనం అడిగింది వేరు. ఇది ఏ వాయువు, పిల్లల్ని ఎటువైపు తీసుకెళ్లాలి, తొట్టిలో నీళ్లు వాడవచ్చా, ఇంటికి ఎప్పుడు తిరిగి రావచ్చు అని వాళ్లు అడిగారు. నోట్ మాత్రం తప్పు మాదా కాదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది. ఆ ప్రశ్న ఆ పూట ఎవరూ అడగలేదు. పెద్ద కంపెనీల సంక్షోభాలు ఏవి తీసి చూసినా, గాడి తప్పిన చోట ఈ తేడాయే కనబడుతుంది.

అదంతా యాజమాన్యం దుర్మార్గం అనుకుంటే విషయం అర్థం కాదు. ఆ నోట్ ఎలా తయారవుతుందో చూడాలి. ప్లాంటు మేనేజరు తనకు తెలిసింది రాసి హెడ్ ఆఫీసుకు పంపుతాడు. అది చెన్నైలోనో హైదరాబాదులోనో ఉంటుంది. అక్కడ లాయరు మొదట కారణం గురించి ఉన్న వాక్యం కొట్టేస్తాడు, రేపు కోర్టులో దాన్నే ఒప్పుకోలుగా చూపిస్తారని అతని భయం. అమోనియా అన్న పేరు కూడా అతనికి నచ్చదు. బీమా పాలసీలో మా అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోరాదు అనే షరతు ఉంటుంది, దాంతో క్షమాపణ పోతుంది. అమ్మకాల విభాగం విదేశీ కొనుగోలుదారులు ఏమనుకుంటారో అని లీకు అన్న మాటను సాంకేతిక లోపంగా మారుస్తుంది. కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదై ఉంటే మరో హడావిడి. లోపల జరిగిన ముఖ్యమైన ఘటనను 12 గంటల్లో ఎక్స్ఛేంజీకి తెలపాలని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. అక్కడ చెప్పేదానికీ ఇక్కడ చెప్పేదానికీ తేడా రాకూడదు కాబట్టి ఇంకో నాలుగు మాటలు రాలిపోతాయి. అందరూ తమ తమ పని సక్రమంగానే చేశారు. చివరికి మిగిలింది మాత్రం కాలనీవాళ్లకు ఎందుకూ కొరగాని కాగితం.

అదే నోట్ మరోలా ఉండవచ్చు. "ఉదయం 4:20కి మా ప్లాంటులోని పైపు నుంచి అమోనియా వెలువడింది. 5:05కి వాల్వు మూశాం. గాలి పడమరకు వీస్తోంది. పడమర కాలనీవారు గాలి వెంట పరుగెత్తకుండా, గాలికి అడ్డంగా ఉత్తరానికో దక్షిణానికో వెళ్లండి. ముక్కుకు, నోటికి తడి గుడ్డ కట్టుకోండి. కళ్లు మండితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడగండి. ఇబ్బంది పడుతున్నవారికి గేటు దగ్గర అంబులెన్సులు సిద్ధంగా ఉన్నాయి. కారణం ఇంకా తెలియలేదు. 7 గంటలకు మళ్లీ చెబుతాం." ఇందులో ఒప్పుకోలు లేదు, లాయరు భయపడవలసిన మాటా లేదు. పనికొచ్చే మాటలున్నాయి. అమోనియా నీటిలో సులువుగా కరుగుతుంది కాబట్టే తడి గుడ్డ. "ఇంకా తెలియలేదు, ఫలానా గంటకు మళ్లీ చెబుతాం" అన్న వాక్యం ఈ మొత్తంలో అన్నిటికంటే విలువైనది. ఆ గంటకు నిజంగా చెప్పాలి, అంతే. కొత్త కబురు లేకపోయినా లేదని చెప్పాలి.

తడి గుడ్డ మాట ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నానంటే, దాని వెనక భోపాల్ ఉంది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ వెలువడినప్పుడు, ముఖానికి తడి గుడ్డ కప్పుకుంటే కొంతైనా మేలన్న సంగతి బస్తీలకు ఎవరూ చెప్పలేదు. వచ్చినవాళ్లు ఏ వాయువు పీల్చారో, దేనికి వైద్యం చేయాలో ఆసుపత్రుల్లో డాక్టర్లకే స్పష్టంగా తెలియలేదు. ఆ తర్వాత కంపెనీ ఏళ్ల తరబడి ఒక ఉద్యోగి కావాలనే ట్యాంకులో నీళ్లు కలిపాడని వాదించింది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. చివరిదాకా పోరాడింది తప్పెవరిదన్న దాని మీదే. విశాఖ దగ్గర వెంకటాపురంలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మంది పోయినప్పుడూ తెల్లవారుజామే. సైరన్ మోగలేదు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ కూడా ఆ సైరన్ సంగతిని ఎత్తిచూపింది. భోపాల్‌కు, దీనికి మధ్య 35 ఏళ్లు దాటాయి.

విచిత్రం ఏమిటంటే ఇలాంటి చోట లాయరు కాపాడుతున్న గోడ చట్టంలో ఎప్పుడో కూలిపోయింది. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ సంస్థ నుంచి ఓలియం వాయువు లీకైంది. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1986లో స్పష్టంగా చెప్పింది. ప్రమాదకరమైన పని చేసే సంస్థ, నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా, జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత వహించాలి. జాగ్రత్తలన్నీ తీసుకున్నాం అన్న జవాబు అక్కడ చెల్లదు. 1991లో వచ్చిన ప్రజా బాధ్యత బీమా చట్టం కూడా తప్పెవరిదో తేలేదాకా ఆగకుండా బాధితులకు తక్షణ సాయం అందాలన్న ఉద్దేశంతో పుట్టిందే. అంటే "మా తప్పు లేదు" అన్న వాక్యం వల్ల అమోనియా, క్లోరిన్ వంటివాటితో పని చేసే కంపెనీకి పరిహారం విషయంలో కలిసి వచ్చేది తక్కువ. అయినా మొదటి నోట్‌లో అదే ఉంటుంది. క్రిమినల్ కేసు భయం వేరే ఉందనుకోండి, అది నిజమైన భయమే.

వాయువు పక్కన పెట్టి తిండి సంగతి చూద్దాం. 2015 మేలో మ్యాగీ గొడవ వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో తీసిన నమూనాలో సీసం 17.2 పీపీఎం ఉందని కోల్‌కతా ల్యాబు చెప్పింది. పరిమితి 2.5. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లలోనూ, ఒంగోలు సందుల్లోని కిరాణా కొట్లలోనూ గిరాకీలు అడిగిన ప్రశ్న ఒకటే. "ఇది పిల్లలకు పెట్టవచ్చా?" కొట్టువాడి దగ్గర జవాబు లేదు. సరుకు తెచ్చిన సేల్స్‌మన్ దగ్గరా లేదు. మా పరీక్షల్లో అంతా బాగుంది అని నెస్లే చెబుతూ వచ్చింది. జూన్ 5న సరుకు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటిస్తూ కూడా మ్యాగీ సురక్షితమే అంది. సురక్షితమైతే వెనక్కి ఎందుకు, వెనక్కి తీసుకుంటే సురక్షితం ఎలా? అదే రోజు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిషేధమూ వచ్చింది.

ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. కంపెనీ వాదన వినకుండా నిషేధించడం సహజ న్యాయానికి విరుద్ధమంది, పరీక్ష చేసిన ల్యాబుల గుర్తింపునూ ప్రశ్నించింది, కొత్తగా పరీక్షలు చేయించమంది. అవి సానుకూలంగా వచ్చాయి, నవంబరులో మ్యాగీ తిరిగొచ్చింది. అంటే తప్పెవరిదన్న పోరులో కంపెనీయే గెలిచింది. ఈలోగా 30 వేల టన్నులకు పైగా సరుకు ధ్వంసమైంది, అయిదు నెలల వ్యాపారం పోయింది. కొట్టువాడి ప్రశ్నకు మొదటి రెండు వారాల్లోనే నమ్మదగిన జవాబు దొరికి ఉంటే నష్టం ఇంత ఉండేది కాదని నా అభిప్రాయం.

దీనికి పూర్తి విరుద్ధమైన కథ క్యాడ్‌బరీది. 2003 అక్టోబరులో మహారాష్ట్రలో చాక్లెట్లలో పురుగులు కనిపించాయి. కంపెనీ మొదట అందరూ చేసే పనే చేసింది. కొట్లలో సరిగ్గా నిల్వ చేయకపోవడం వల్లే అంది. చిన్న కొట్టువాడి మీదికి నెట్టడం సులభం, అతనికి ప్రెస్ నోట్ రాసే మనిషి ఉండడు. గొడవ తగ్గలేదు. తర్వాత దారి మార్చింది. 2004 జనవరికల్లా కొత్త ప్యాకింగు వచ్చింది, లోపల రేకు, పైన అంటించిన పొర. అమితాబ్ బచ్చన్ ప్రకటనల్లో కనిపించారు. జనానికి గుర్తున్నది బచ్చన్, పని చేసింది మాత్రం రేకు అనుకుంటాను. పురుగు ఫ్యాక్టరీలో చేరిందా, కొట్లో చేరిందా అన్న తగాదా తేల్చకుండానే ఎక్కడైనా సరే దూరకుండా చేశారు.

అమెరికాలో 1982 నాటి టైలెనాల్ అనే నొప్పి మాత్ర ఉదంతాన్ని మేనేజ్‌మెంటు కాలేజీల్లో పురాణంలా చెబుతారు. షికాగో ప్రాంతంలో ఎవరో మాత్రల సీసాల్లో సయనైడ్ కలిపారు, 7 మంది చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ ముందు "వాడకండి" అని హెచ్చరించింది, తర్వాత దాదాపు 3.1 కోట్ల సీసాలు వెనక్కి రప్పించింది, ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది. కొద్ది వారాల్లోనే మూత తెరిస్తే తెలిసిపోయే సీలుతో తిరిగి వచ్చింది. హంతకుడు ఎవరో నేటికీ తేలలేదు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండానే కంపెనీ నిలబడింది. అయితే ఈ కథను నెత్తిన పెట్టుకునే ముందు ఒక మాట. అక్కడ కంపెనీ కూడా బాధితురాలే, కాబట్టి పెద్దమనసు చూపడం తేలికైంది. అదే కంపెనీ టాల్కమ్ బేబీ పౌడరు మీద వేల దావాలు వచ్చినప్పుడు కోర్టుల్లో ఏళ్ల తరబడి పెనుగులాడింది. తిమోతి కూంబ్స్ అనే అమెరికన్ పరిశోధకుడు సంక్షోభాలను మూడు రకాలుగా చూడమంటాడు. కంపెనీయే బాధితురాలైనవి, అనుకోకుండా జరిగిపోయినవి, ఆపగలిగి ఉండీ ఆపనివి. మూడో రకంలోకి జారేకొద్దీ జనం కోపం పెరుగుతుంది, మాటలు పనిచేయడం తగ్గుతుంది. 2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ సత్యం రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చాక ఏ నోట్‌తోనూ పని లేకపోయింది. ప్రభుత్వం బోర్డునే మార్చింది, ఏప్రిల్లో టెక్ మహీంద్రా కొనుక్కుంది.

మన తీరంలో తరచూ వచ్చే సంక్షోభం ఇంత పెద్దగా వార్తల్లో కనిపించదు. విదేశీ రేవులో రొయ్యల కంటైనర్ ఆగిపోతుంది. క్లోరాంఫెనికాల్ లేదా నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందుల అవశేషం దొరికింది అంటారు. యూరప్ సమాఖ్య 2016లో మన సాగు రొయ్యల సరుకులో తనిఖీకి తీసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది, కారణం ఈ అవశేషాలే. కంటైనర్ తిరుగుముఖం పట్టగానే ఎగుమతిదారు చూపు కొనుగోలు ఏజెంటు మీద పడుతుంది. ఏజెంటు రైతును అంటాడు, రైతు మందుల దుకాణాన్ని, మేతను అంటాడు, దుకాణంవాడు హ్యాచరీ నుంచి వచ్చిన సీడును, అంటే రొయ్య పిల్లలను అంటాడు. ఇందుకూరుపేటలోనో కొత్తపట్నంలోనో 60 కౌంటు (కిలోకు 60 తూగే) రొయ్య చెరువులో పెట్టుకుని కూర్చున్న రైతు అడిగేది మాత్రం, రేపు పట్టుబడి చేయాలా, అంటే రొయ్య పట్టి అమ్మాలా, ఆగాలా అని. ఆగితే రోజుకు మేత, ఏరేటర్ల కరెంటు, తెల్లమచ్చ వ్యాధి భయం. దానికి జవాబు ఎవరూ చెప్పరు. 2025 ఏప్రిల్లో అమెరికా సుంకాల ప్రకటన రాగానే, అవి అమల్లోకి రాకముందే ఇక్కడ కౌంటు ధరలు పడిపోయాయి. కంపెనీ సంక్షోభం కిందివాడి దగ్గరికి ధర రూపంలో వస్తుంది, ప్రకటన రూపంలో కాదు.

ఇక్కడ నిజంగా పనికొచ్చేది సంక్షోభానికి చాలా ముందు చేసే గుమస్తా పని. ఏ పెట్టె ఏ లాటుదో, ఆ లాటు ఏ చెరువుదో, ఆ చెరువులో పట్టుబడికి ముందు పరీక్ష జరిగిందో లేదో రాసి ఉంచడం. ఆ రాత ఉంటే ఒక చెరువు తప్పు ఒక చెరువు దగ్గరే ఆగుతుంది. లేకపోతే మొత్తం తీరం మీద పడుతుంది. ఆహార భద్రత చట్టం 28వ సెక్షను సరుకు వెనక్కి తీసుకోవడాన్ని కంపెనీ బాధ్యతగా పెట్టింది. ఏది వెనక్కి తీసుకోవాలో తెలియని కంపెనీ ఆ బాధ్యతను ఎలా నెరవేరుస్తుంది?

మేనేజ్‌మెంటు పుస్తకాల్లో లేని మన పద్ధతి ఇంకొకటుంది. కార్మికుడు చనిపోతే బంధువులు మృతదేహంతో గేటు ముందు బైఠాయిస్తారు. సీఐ వస్తారు, తహసీల్దారు వస్తారు, యూనియన్ నాయకులు, పార్టీల వాళ్లు వస్తారు. సాయంత్రానికి ఒక గదిలో అంకె కుదురుతుంది. దాన్ని ఎక్స్‌గ్రేషియా అంటారు. చట్టప్రకారం రావలసిన పరిహారం వేరు, ఇది వేరు. చాలామందికి ఆ తేడా ఆ పూట ఎవరూ చెప్పరు. రాత్రికి గేటు తెరుచుకుంటుంది. ఈ ఏర్పాటును తేలిగ్గా తీసిపారేయలేను. కోర్టుల చుట్టూ ఏళ్లు తిరగలేని కుటుంబానికి ఆ రోజే చేతికి వచ్చే డబ్బు చిన్న విషయం కాదు. కాని అంకె కుదిరిన క్షణంలో కారణం మాయమవుతుంది. ఏ యంత్రానికి రక్షణ కవచం లేదు, ఎవరు ఎన్ని గంటల షిఫ్టు చేస్తున్నారు అన్నది ఆ గదిలో చర్చకే రాదు. మర్నాడు అదే యంత్రం దగ్గర మరొకరు నిలబడతారు.

ఎవరు మాట్లాడాలన్నది ఇంకో చిక్కు. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం విఫలమైంది. శ్రీహరికోట అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉంది. మిషన్ డైరెక్టరు కలాం బదులు ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ తానే విలేకరుల ముందు కూర్చున్నారు. మరుసటి ఏడాది జూలై 18న విజయం వచ్చినప్పుడు కలాంను పంపారు. కలాం ఎన్నోసార్లు చెప్పిన ఈ ఘటనను పెద్దమనసుకు ఉదాహరణగా చెప్పుకుంటారు. నాకు అందులో మరో సంగతి ముఖ్యం. మైకు ముందున్న మనిషికి మళ్లీ ప్రయత్నిస్తామని మాట ఇచ్చే అధికారం ఉంది. కిరాయికి తెచ్చుకున్న ప్రచార సంస్థ ప్రతినిధికి ఉత్పత్తి ఆపుతాం అని చెప్పే అధికారం ఉండదు, అందుకే అతను "విచారం" దాటి ముందుకు పోలేడు.

ఎంత మంచి నోట్ రాసినా ప్రయోజనం లేని సందర్భాలూ ఉన్నాయి, జనం ఫిర్యాదు వ్యాపారం మీదే అయినప్పుడు. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమానికి కాంట్రాక్టర్లు ఏం జవాబు చెప్పగలరు? 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. రొయ్యల పరిశ్రమ మాత్రం మరో దారి చూపింది. ఉప్పెక్కిన పొలాలు, చెడిన తాగునీటి మీద వచ్చిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీర నియంత్రణ ప్రాంతం (సీఆర్‌జెడ్)లోని, సంప్రదాయ పద్ధతివి కాని రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు చెప్పింది. తెల్లమచ్చ వ్యాధి దెబ్బ నుంచి అప్పటికింకా తేరుకోని నెల్లూరు తీరానికి అది రెండో దెబ్బ. పరిశ్రమ ఒత్తిడి చేస్తూ పోయింది, 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. తీర నియంత్రణ ఆంక్షల నుంచి చెరువులకు 1991 నాటి నుంచే వర్తించేలా మినహాయింపు దక్కింది. చట్టాన్నే మార్పించుకోవడం కంటే పెద్ద సంక్షోభ నిర్వహణ ఉంటుందా? దానివల్ల వేల కుటుంబాల జీవనం నిలిచింది, నిజమే. పక్క పొలం రైతు అడిగిన ఉప్పునీటి ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

మళ్లీ అమోనియా కాలనీకి వస్తే, వాళ్లు ప్రమాదం దాకా ఆగనక్కర్లేదు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, పెద్ద ప్రమాదానికి అవకాశం ఉన్న పరిశ్రమ చుట్టుపక్కలవారికి ముప్పు ఏమిటో, వస్తే ఏం చేయాలో ముందే తెలియజేయాలి. ప్లాంటు లోపలి అత్యవసర ప్రణాళిక మీద ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరగాలి, వెలుపలి ప్రణాళిక మీద ఏడాదికోసారి. 1996 నిబంధనలు కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందాన్ని, పారిశ్రామిక ప్రాంతానికి స్థానిక బృందాన్ని పెట్టమన్నాయి. జిల్లా బృందం 45 రోజులకోసారి, స్థానిక బృందం నెలకోసారి కూర్చోవాలి. చివరి సమావేశం ఎప్పుడు జరిగింది, మాక్ డ్రిల్‌లో మా వీధి ఉందా అని సమాచార హక్కు కింద ఎవరైనా అడగవచ్చు. అయితే ఈ నిబంధనల్లో ఎక్కువ భాగం రసాయనం నిల్వ ఒక పరిమితి దాటిన చోటే వర్తిస్తుంది. ఊరి మధ్య ఉండే ఐస్ ప్లాంట్లు చాలావరకు ఆ పరిమితి కిందే ఉంటాయి. అక్కడ నోట్ రాసేవాళ్లూ ఉండరు, గేటు దగ్గర గార్డూ ఉండడు.